వ్యవసాయ పరిశోధనలో గణన వేదికలు

గణన వేదిక అనగా వేరువేరు ఊళ్లలో, వేరువేరు దేశాలలో పనిచేయు శాస్త్రవేత్తలు కంప్యూటరు శక్తిని, సమాచార నిధులను, విశ్లేషణకు కావలసిన సాఫ్టువేరును అంతర్జాలము ద్వారా ఉమ్మడిగా వాడుకొనుటకు ఏర్పరచిన వ్యవస్థ. పెద్ద కంప్యూటరు ఒక నగరములో ఉండును. దానిని వాడుకొనువారు వందల కిలోమీటర్ల దూరములో ఉండి, తమ ముందున్న సాధారణ కంప్యూటరు నుండి పని అప్పగించి, ఫలితాలు తిరిగి తెచ్చుకొంటారు. భౌతిక, ఖగోళ, జీవ, వాతావరణ శాస్త్రాలలో ఇట్టి వేదికలు విస్తృతముగా వాడుకలో ఉన్నవి. వ్యవసాయ పరిశోధనలో వీటి ప్రవేశము కొంత ఆలస్యముగా జరిగినది.

వ్యవసాయ పరిశోధనకు వీటి అవసరము ఒక ప్రత్యేక కారణము వలన కలిగినది. ఒక విత్తన రకము మంచిదా కాదా అన్న విషయము ఒక్క ప్రయోగశాలలో తేలదు. దానిని వేరువేరు నేలలలో, వేరువేరు వర్షపాతములలో పండించి చూడవలెను. అందువలన వ్యవసాయ పరిశోధన స్థానాలు పంట పండే జిల్లాలలోనే ఉంటాయి. పెద్ద కంప్యూటర్లు మాత్రము ఢిల్లీ, పుణె, బెంగళూరు, హైదరాబాదు వంటి నగరాలలో ఉంటాయి. ఈ రెంటి నడుమ దూరమును తగ్గించుట గణన వేదికల ముఖ్య ప్రయోజనము. కర్నూలు, కడప ప్రాంతపు నల్లరేగడి భూములలో ముఖ్యమైన రబీ పంట అయిన శనగ విషయములో ఈ ఉమ్మడి కృషి ఎంతవరకు ఫలించినదీ, ఎక్కడ ఆగిపోయినదీ స్పష్టముగా చూడవచ్చును.

అవసరము

మొక్క యొక్క వంశలక్షణాలన్నీ దాని కణాలలోని డి.ఎన్.ఏ.లో నాలుగు రసాయన అక్షరాల వరుసగా ఉంటాయి. ఈ మొత్తము వరుసను జీనోము అంటారు. శనగ జీనోము పరిమాణము సుమారు 73 కోట్ల 80 లక్షల అక్షరాలు. యంత్రాలు ఈ వరుసను ఒకే ధారగా చదువలేవు. చిన్న చిన్న ముక్కలుగా, ఒక్కొక్క భాగమును పలుమార్లు చదువుతాయి. ఒక మొక్క జీనోమును సగటున 30 సార్లు చదివినచో 2,200 కోట్లకు పైగా అక్షరాలు పోగవుతాయి. ఈ ముక్కలను సరియైన చోట అమర్చి, ఒక రకమునకు మరియొక రకమునకు గల తేడాలను గుర్తించుట కంప్యూటరు చేయవలసిన పని.

ఒక నమూనాను విశ్లేషించుటకు ఒక కంప్యూటరుకు ఒక రోజు పట్టుననుకొందము. 3,366 నమూనాలకు ఆ ఒక్క కంప్యూటరు 9 సంవత్సరాలకు పైగా పనిచేయవలెను. అటువంటి 100 కంప్యూటర్లు పనిని పంచుకొన్నచో 34 రోజులు చాలును. ఒక నమూనా లెక్కకు మరియొక నమూనా లెక్కతో సంబంధము లేదు గనుక ఈ పనిని సులభముగా పంచవచ్చును. వాతావరణ నమూనాల వంటి వాటిలో పరిస్థితి వేరు. అక్కడ ఒక ప్రాంతపు లెక్క పక్క ప్రాంతపు లెక్క మీద ఆధారపడి ఉండును. అందువలన దూరముగా ఉన్న కంప్యూటర్లకు పంచుట కష్టము. ఒకే చోట, అతివేగముగా అనుసంధానించిన సూపర్ కంప్యూటరు కావలెను.

లెక్కల భారము జీనోములకే పరిమితము కాదు. పొలములో నాటిన ప్రయోగపు మడుల నుండి పూత వచ్చిన రోజు, మొక్క ఎత్తు, కాయల సంఖ్య, గింజ బరువు, ఎకరా దిగుబడి వంటి వివరాలు వస్తాయి. నేల ఎగుడుదిగుడుల వలన కలిగిన తేడాను, విత్తన రకము వలన కలిగిన తేడాను వేరుచేయుటకు గణాంక విశ్లేషణ అవసరము. దీనికి వాడే సాఫ్టువేరులలో కొన్ని వెల ఎక్కువైనవి. వాటిని ప్రతి కళాశాల విడిగా కొనుట సాధ్యము కాదు.

పదజాలము

ఈ రంగములో పలు పేర్లు వాడుకలో ఉన్నవి. వాటి అర్థాలు పూర్తిగా ఒకటి కావు.

గ్రిడ్: వేరువేరు సంస్థలకు చెందిన కంప్యూటర్లను కలిపి, ఒకే వనరుగా వాడుకొనే ఏర్పాటు. విద్యుత్తు గ్రిడ్ నుండి ఈ పేరు వచ్చినది. ఇంటిలో దీపము వెలిగించువారికి ఆ విద్యుత్తు ఏ కేంద్రములో పుట్టినదో తెలియనవసరము లేదు. అట్లే లెక్క ఏ కంప్యూటరులో జరిగినదో వాడుకరికి తెలియనవసరము లేదన్నది భావము.

సైన్స్ గేట్‌వే: ఒక శాస్త్రమునకు చెందిన పనిముట్లన్నిటినీ బ్రౌజరులో అందించే ద్వారము. దీనిని వాడుటకు కంప్యూటరు ఆదేశ భాషలు తెలియనవసరము లేదు.

స్వచ్ఛంద గణనము: సామాన్య ప్రజలు తమ ఇంటి కంప్యూటర్లు ఖాళీగా ఉన్న సమయమును పరిశోధనకు ఇచ్చుట.

క్లౌడ్: కావలసినంత గణన శక్తిని, కావలసినంత కాలము అద్దెకు తీసుకొనే పద్ధతి. దీనిని ఎక్కువగా వాణిజ్య సంస్థలు నడుపుచున్నవి.

పనిచేయు విధానము

వేదికలు పలు రకములుగా ఉన్నా, వాడుకరి వైపు నుండి చూచినచో పని సాధారణముగా ఈ క్రమములో జరుగును.

1. గుర్తింపు: వాడుకరి ఎవరు, ఏ సంస్థకు చెందినవారు అన్నది ముందుగా నిర్ధారణ కావలెను. గ్రిడ్లలో దీనికి డిజిటల్ ధ్రువపత్రాలు ఇస్తారు. ఒక సంస్థ ఇచ్చిన పత్రమును మిగిలిన సంస్థలన్నీ అంగీకరించుట గ్రిడ్‌కు పునాది.

2. సమాచారము పంపుట: విశ్లేషించవలసిన ఫైళ్లను వేదికలోనికి ఎక్కించవలెను.

3. పని అప్పగించుట: ఏ సాఫ్టువేరుతో, ఏ క్రమములో, ఎంత జ్ఞాపకశక్తితో పని చేయవలెనో వాడుకరి తెలుపుతారు.

4. వరుస: అందరి పనులూ ఒక వరుసలో చేరుతాయి. ఏ పని ఎప్పుడు ఏ కంప్యూటరుకు వెళ్లవలెనో షెడ్యూలరు అనే సాఫ్టువేరు నిర్ణయించును.

5. ఫలితము: లెక్క ముగిసిన పిదప ఫలితాలు వాడుకరి ఖాతాలో నిలువ ఉంటాయి. వాటిని ఇతర పరిశోధకులతో పంచుకొనవచ్చును.

6. పని చరిత్ర: ఏ ఫైలుపై, ఏ సాఫ్టువేరు యొక్క ఏ కూర్పుతో, ఏ విలువలు ఇచ్చి లెక్క చేసినదీ మంచి వేదికలు నమోదు చేసి ఉంచుతాయి. మరియొకరు అదే లెక్కను తిరిగి చేసి సరిచూచుటకు ఇది ఆధారము.

వీటిలో రెండవ మెట్టు చిన్న ఊళ్లలోని సంస్థలకు తరచు ఆటంకమగును. 100 గిగాబైట్ల సమాచారమును సెకనుకు 10 మెగాబిట్ల వేగము గల లైనుపై పంపుటకు, మధ్యలో ఎక్కడా ఆగకపోయినచో, 22 గంటలు పట్టును. సెకనుకు 1 గిగాబిట్ వేగము ఉన్నచో సుమారు 13 నిమిషాలు చాలును. ఈ కారణము వలననే పెద్ద ఫైళ్లను హార్డ్ డిస్కులలో నింపి మనుషుల చేత పంపు పద్ధతి నేటికీ ఉన్నది.

ప్రపంచములో చరిత్ర

దూరముగా ఉన్న కంప్యూటరును వాడుకొనవలెనన్న కోరిక అంతర్జాలము పుట్టుకకే ఒక కారణము. 1969లో అమెరికాలో ఆరంభమైన ఆర్పానెట్ ముఖ్య ఉద్దేశాలలో, పరిశోధన సంస్థలు ఒకరి కంప్యూటర్లను మరియొకరు వాడుకొనుట ఒకటి. 1989లో యూరపులోని సెర్న్ సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ వరల్డ్ వైడ్ వెబ్‌ను ప్రతిపాదించినది కూడ, పలు దేశాల భౌతిక శాస్త్రవేత్తలు సమాచారము పంచుకొనుటకే. జీవశాస్త్రములో అమెరికా, యూరపు, జపాన్ దేశాల డి.ఎన్.ఏ. సమాచార నిధులు తమకు చేరిన వరుసలను పరస్పరము మార్చుకొను ఏర్పాటు చేసుకొన్నవి. ఒక నిధిలో చేరిన వరుస మిగిలిన రెంటిలోను లభించును.

1999 మే నెలలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము, బర్కిలీ శాస్త్రవేత్తలు సెటి ఎట్ హోమ్ ప్రాజెక్టును ప్రజలకు విడుదల చేసినారు. రేడియో దూరదర్శిని సంకేతాలను లక్షల మంది ఇంటి కంప్యూటర్లలో పరిశీలించిన ఈ ప్రాజెక్టు 2020 మార్చిలో కొత్త పనులు పంపుట నిలిపివేసినది. దీని అనుభవము నుండి రూపొందిన బోయింక్ సాఫ్టువేరు ఇతర శాస్త్రాలకు కూడ ఉపయోగపడినది.

గ్రిడ్ భావనకు 1990ల చివరలో ఇయాన్ ఫోస్టర్, కార్ల్ కెసెల్‌మన్ తదితరులు రూపమిచ్చినారు. వారి గ్లోబస్ సాఫ్టువేరు పలు దేశాల గ్రిడ్లకు ఆధారమైనది. సెర్న్‌లోని కణ త్వరణ యంత్రము ఇచ్చు సమాచారమును విశ్లేషించు ప్రపంచ గ్రిడ్ సుమారు 40 దేశాలలోని 170 కేంద్రాలను కలుపుచున్నది. భారతదేశము నుండి ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ, కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ కేంద్రము ఇందులో భాగస్వాములు.

అమెరికాలో 2001లో మొదలైన టెరాగ్రిడ్ స్థానములో 2011లో ఎక్సీడ్, దాని స్థానములో 2022లో యాక్సెస్ వచ్చినవి. నానో శాస్త్రము కొరకు పర్డ్యూ విశ్వవిద్యాలయము 2002లో నానోహబ్‌ను ఆరంభించినది. జీవశాస్త్రవేత్తల కొరకు 2005లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయములో మొదలైన గెలాక్సీ వేదికలో ఎవరైనను ఉచితముగా ఖాతా తెరిచి, జీనోము విశ్లేషణ చేసుకొనవచ్చును. మొక్కల పరిశోధన కొరకు 2008లో అరిజోనా విశ్వవిద్యాలయము నాయకత్వమున ఐప్లాంట్ ఏర్పడినది. ఇది తరువాత సైవర్స్ అని పేరు మార్చుకొన్నది.

భారతదేశములో

భారతదేశపు విద్యా, పరిశోధన సంస్థలను కలిపిన తొలి కంప్యూటరు జాలము ఎర్నెట్. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమము సహాయముతో ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో దీనిని ఆరంభించినది. బయోటెక్నాలజీ శాఖ జీవశాస్త్ర సమాచారము కొరకు 1987లో బిటిస్‌నెట్ అను జాలమును ఏర్పరచినది. 1988లో పుణెలో స్థాపించిన సి-డాక్ సంస్థ 1991లో పరమ్ 8000 సూపర్ కంప్యూటరును నిర్మించినది.

2000ల దశకము మధ్యలో సి-డాక్ గరుడ అను జాతీయ గ్రిడ్‌ను చేపట్టినది. తొలి దశలో ఇది హైదరాబాదుతో సహా 17 నగరాలలోని 45 సంస్థలను కలిపినది. ఉపగ్రహ చిత్రాల ద్వారా వరద ప్రాంతాలను గుర్తించుట, ప్రోటీన్ల ఆకృతిని అంచనా వేయుట వంటి పనులలో దీనిని పరీక్షించినారు. ధ్రువపత్రాలు ఇచ్చుటకు భారతీయ గ్రిడ్ ధ్రువీకరణ సంస్థ ఏర్పడి, 2008లో ఆసియా-పసిఫిక్ గ్రిడ్ల గుర్తింపు పొందినది. దీనివలన భారతీయ పరిశోధకుల పత్రాలు ఇతర దేశాల గ్రిడ్లలో కూడ చెల్లుబాటైనవి.

2010 మార్చిలో కేంద్ర ప్రభుత్వము 5,990 కోట్ల రూపాయల అంచనాతో జాతీయ విజ్ఞాన జాలమును ఆమోదించినది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ నిర్మించిన ఈ జాలము విశ్వవిద్యాలయాలను, పరిశోధన సంస్థలను గిగాబిట్ వేగముతో కలుపును. 2015లో 4,500 కోట్ల రూపాయల అంచనాతో జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ ఆమోదము పొందినది. దీని క్రింద తొలి యంత్రము పరమ్ శివాయ్ 2019లో వారణాసి ఐ.ఐ.టి.లో నెలకొల్పబడినది. హైదరాబాదు ఐ.ఐ.టి.లో 838 టెరాఫ్లాపుల సామర్థ్యము గల పరమ్ సేవ ఉన్నది.

వ్యవసాయ రంగములో

భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థలకు, రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు మూడు ఉమ్మడి ఏర్పాట్లు ముఖ్యమైనవి.

మొదటిది పత్రికల ఏర్పాటు. 2007-08లో ఆరంభమైన సెరా అను సంఘము ద్వారా సభ్య సంస్థల గ్రంథాలయాలన్నీ శాస్త్ర పత్రికలను ఉమ్మడిగా పొందుచున్నవి.

రెండవది గణాంక ఏర్పాటు. న్యూఢిల్లీలోని భారతీయ వ్యవసాయ గణాంక పరిశోధన సంస్థ 2009లో ఒక ప్రాజెక్టు చేపట్టి, విశ్లేషణ సాఫ్టువేరును దేశములోని వ్యవసాయ సంస్థలకు అందుబాటులోనికి తెచ్చినది. దానితో పాటు, పొలము లెక్కలను ఎక్కించి ఫలితము పొందుటకు ఒక పోర్టలును కూడ నిర్మించినది. ఖరీదైన సాఫ్టువేరు తమ కంప్యూటరులో లేనివారు సైతము ఈ పోర్టలులో ప్రయోగ ఫలితాలను విశ్లేషించుటకు వీలు కలిగినది.

మూడవది జాతీయ వ్యవసాయ బయోఇన్ఫర్మాటిక్స్ గ్రిడ్. 2010లో మొదలైన ఈ ప్రాజెక్టులో గణాంక సంస్థతో పాటు మొక్కలు, పశువులు, చేపలు, సూక్ష్మజీవులు, కీటకాల జన్యు వనరులకు చెందిన ఐదు జాతీయ సంస్థలు చేరినవి. దీని క్రింద ఢిల్లీలో నెలకొల్పిన అశోక సూపర్ కంప్యూటరు కేంద్రము 2014 జనవరి 15న జాతికి అంకితమైనది. దీనిలోని ప్రధాన లినక్స్ సమూహములో 256 కంప్యూటర్లు ఉన్నవి. వ్యవసాయ శాస్త్రవేత్తల కొరకు దేశములో ప్రత్యేకముగా ఏర్పడిన ఇటువంటి కేంద్రములలో ఇది మొదటిది.

శనగ జీనోము

హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువులో 1972లో స్థాపించిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ (ఇక్రిశాట్) జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ పంటలపై పరిశోధన చేయుచున్నది. దీని విత్తన నిధిలో 20,000కు పైగా శనగ నమూనాలు ఉన్నవి.

2013 జనవరిలో శనగ జీనోము ముసాయిదా ప్రచురితమైనది. ఇక్రిశాట్, అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము (డేవిస్), చైనాలోని బి.జి.ఐ. సంస్థ కలిసి దీనికి నాయకత్వము వహించినవి. మొత్తము 10 దేశాలలోని 23 సంస్థలకు చెందిన 49 మంది శాస్త్రవేత్తలు పాల్గొన్నారు. కెనడాకు చెందిన సి.డి.సి. ఫ్రాంటియర్ అను కాబూలీ రకమును ఆధారముగా తీసుకొని 28,269 జన్యువులను గుర్తించినారు. విత్తనము ఒక దేశమునకు, యంత్రము ఒక దేశమునకు, విశ్లేషకులు పలు దేశాలకు చెందిన ఈ పని, ఒకే సమాచారమును అందరూ చూడగల ఏర్పాటు లేనిదే సాధ్యము కాదు.

2019లో 45 దేశాల నుండి వచ్చిన 429 రకాల వివరాలు, 2021 నవంబరులో 60 దేశాలకు చెందిన 3,366 నమూనాల వివరాలు ప్రచురితమైనవి. వీటిలో 3,171 సాగు రకాలు, 195 అడవి రకాలు. శనగకు సంబంధించి ఇంత పెద్ద సంకలనము అంతకు ముందు లేదు.

ఈ పరిశోధనలలో ఐ.సి.సి. 4958 అను రకము యొక్క వేరు వ్యవస్థకు, బెట్టను తట్టుకొను గుణానికి కారణమైన డి.ఎన్.ఏ. భాగము ఒకటి గుర్తించబడినది. ఆ భాగమును చేర్చి రూపొందించిన పూసా 10216 అను రకము, ఎండు తెగులును తట్టుకొను సూపర్ అన్నిగేరి 1 అను రకము 2019లో వెలుగులోనికి వచ్చినవి. రెండవది తుంగభద్రకు ఆవల ఉన్న రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము, ఇక్రిశాట్ కలిసి చేసిన కృషి ఫలితము.

నంద్యాల - మహానంది ప్రాంతము

మహానంది నల్లమల కొండల పాదమున, నంద్యాలకు సమీపమున ఉన్న పుణ్యక్షేత్రము. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి నంద్యాల జిల్లా ఏర్పడుటతో ఇది ఆ జిల్లాలో చేరినది. ఆలయ కోనేటిలో ఊరు నీరు వెలుపలికి పారి చుట్టుపక్కల పొలాలకు చేరును. ఆ తడి భూములు దాటినచో రాయలసీమ మెట్ట ప్రాంతము మొదలగును. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన వ్యవసాయ కళాశాల మహానందిలో ఉన్నది. ఇక్కడ ఒక ఉద్యాన పరిశోధన స్థానము కూడ కలదు.

నంద్యాల పరిశోధన స్థానము 1906లో ఏర్పడినది. ఇది అల్ప వర్షపాత మండలానికి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము. ప్రత్తి, శనగ, జొన్న, వరి తదితర పంటలపై ఇక్కడ పరిశోధన జరుగుచున్నది.

ఈ ప్రాంతములో శనగను వానాకాలపు చివరి వర్షాల తరువాత, అక్టోబరు-నవంబరు నెలలలో విత్తుతారు. ఆ పిదప పైరు నల్లరేగడి నేలలో నిలిచిన తేమ మీదనే బ్రతకవలెను. గింజ కట్టే సమయానికి తేమ తగ్గిపోవును. ఇక్రిశాట్, జబల్‌పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము కలిసి రూపొందించగా 1999లో విడుదలైన జె.జి. 11 రకము త్వరగా పండి, ఎండు తెగులును తట్టుకొనుట వలన ఇక్కడి రైతులలో విస్తృతముగా వ్యాపించినది. 2000ల దశకములో ఆంధ్ర ప్రదేశ్‌లో శనగ విస్తీర్ణము పలు రెట్లు పెరుగుటకు ఇది ఒక ముఖ్య కారణము.

తరువాత మరియొక సమస్య ముందుకు వచ్చినది. శనగ ఆకుల మీద పులుపు గల ఆమ్లము స్రవించును. చేతితో కోయువారికి అది చర్మమును మండించును. కూలీలు దొరకుట కష్టమైనది. మొక్కలు పొట్టిగా, గుబురుగా ఉండుట వలన యంత్రముతో కోయుట కుదరలేదు. నంద్యాల స్థానము, ఇక్రిశాట్ సహకారముతో, నిటారుగా ఎత్తుగా పెరిగి నేలకు పైన కాయలు కాచు ఎన్.బి.ఇ.జి. 47 అను రకమును రూపొందించినది. ఇది యంత్రకోతకు అనువైనది. ఈ పేరులోని ఆంగ్లాక్షరాలు నంద్యాల శనగను సూచించును.

ఈ ఉదాహరణ వేదికల స్వభావమును తెలుపును. యంత్రకోతకు అనువైన మొక్క కావలెనన్న ప్రశ్న ఏ సమాచార నిధిలోను పుట్టలేదు. అది కూలీలు దొరకని పొలములో పుట్టినది. అట్లే, ఒక డి.ఎన్.ఏ. తేడాకు అర్థము తెలియవలెనన్నచో ఆ తేడా గల మొక్క ఎండిన నేలలో ఎట్లు పండినదో ఎవరో ఒకరు కొలిచి వ్రాసి ఉండవలెను. 3,366 నమూనాల డి.ఎన్.ఏ. వరుసలు ఎంత విలువైనవో, వాటిని నాటి చూచిన మడుల లెక్కలు అంత విలువైనవి. వేదిక నుండి పరిశోధన స్థానానికి ఫలితాలు చేరుట ఎంత అవసరమో, పరిశోధన స్థానము నుండి వేదికకు పొలము లెక్కలు చేరుట అంతే అవసరము.

పొలము లెక్కలను క్రమబద్ధముగా నమోదు చేయుటకు, జన్యు సమాచారముతో జతపరచుటకు జనరేషన్ ఛాలెంజ్ ప్రోగ్రామ్ (2003-2014) క్రింద సమీకృత ప్రజనన వేదిక రూపొందినది. ఇందులోని సాఫ్టువేరు ద్వారా ప్రయోగ ప్రణాళిక వేయుట, మడులకు సంఖ్యలు ఇచ్చుట, కొలతలు నమోదు చేయుట, తరువాతి తరమునకు మొక్కలను ఎంచుట ఒకే చోట జరుగును. కొలతలకు అందరూ ఒకే పేరును, ఒకే ప్రమాణమును వాడవలెనన్నది దీని ముఖ్య నియమము. ఒక స్థానములో దిగుబడిని ఎకరాకు, మరియొక స్థానములో హెక్టారుకు వ్రాసినచో కంప్యూటరు ఆ రెంటినీ సరిపోల్చలేదు.

గణన నైపుణ్యము గల విద్యా సంస్థలు కూడ ఈ ప్రాంతములో ఇటీవలి కాలములో ఏర్పడినవి. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయము (2006), ఇడుపులపాయలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణము (2008), కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయము (2008), అక్కడనే భారతీయ సమాచార సాంకేతిక, రూపకల్పన, తయారీ సంస్థ (2015) వీటిలో ముఖ్యమైనవి.

పరిమితులు

నైపుణ్యము: వేదిక ఉచితమైనను దానిని వాడగలవారు ఉండవలెను. జీవశాస్త్రము, గణాంకము, కంప్యూటరు విజ్ఞానము మూడూ కొంతవరకు తెలిసినవారు తక్కువ. వ్యవసాయ కళాశాలలలో బయోఇన్ఫర్మాటిక్స్ శిక్షణకు హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ వంటి సంస్థలు తోడ్పడుచున్నవి.

జాలము, విద్యుత్తు: పెద్ద ఫైళ్లను పంపునప్పుడు మధ్యలో లైను తెగినచో పని మొదటికి వచ్చును. ఆగిన చోటు నుండి తిరిగి కొనసాగించు సాఫ్టువేరులు ఈ ఇబ్బందిని కొంత తగ్గించినవి.

కొనసాగింపు: పలు వేదికలు నిర్ణీత కాలపు ప్రాజెక్టులుగా మొదలవుతాయి. నిధులు ముగిసిన పిదప వేదిక పేరు మారుట, మరియొక వేదికలో కలియుట, లేక మూతపడుట జరుగును. అందువలన పరిశోధకులు తమ మూల సమాచారమునకు విడిగా ఒక ప్రతిని ఉంచుకొనుట అవసరము.

గుర్తింపు: ప్రచురిత వ్యాసాలలో జీనోము విశ్లేషించినవారి పేర్లు వచ్చును గాని, ఏండ్ల తరబడి మడులలో కొలతలు తీసినవారి పేర్లు అన్నివేళలా రావు. సమాచార సంపుటాలకే విడిగా శాశ్వత గుర్తింపు సంఖ్య ఇచ్చి, వాటిని ఉటంకించు పద్ధతి ఇటీవల వ్యాపించుచున్నది.

హక్కుల ప్రశ్న

రైతులు తరతరాలుగా కాపాడిన విత్తనము ఒక దేశము నుండి మరియొక దేశమునకు వెళ్లవలెనన్నచో అనుమతులు కావలెను. భారతదేశములో 2002 నాటి జీవవైవిధ్య చట్టము దీనికి ఆధారము. అంతర్జాతీయముగా 2014లో అమలులోనికి వచ్చిన నగోయా ఒప్పందము లాభాల పంపకమునకు నియమాలు చెప్పినది. అయితే విత్తనము కదలకుండా దాని డి.ఎన్.ఏ. వరుస మాత్రమే వేదిక ద్వారా అందరికీ చేరినచో, దాని నుండి వచ్చు లాభములో ఆ విత్తనమును కాపాడినవారికి భాగము ఉన్నదా అన్న ప్రశ్న మిగిలినది.

సమాచారము స్వేచ్ఛగా ఉండవలెనని, లేనిచో పరిశోధన మందగించునని ఒక వాదము. స్వేచ్ఛగా ఉన్న సమాచారము నుండి లాభము పొందగలవారు పెద్ద సంస్థలేనని, వారు కొంత తిరిగి చెల్లించవలెనని రెండవ వాదము. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో జరిగిన జీవవైవిధ్య సదస్సు ఈ లాభాల పంపకమునకు ఒక బహుపక్ష విధానము ఉండవలెనని నిర్ణయించినది. దాని కొనసాగింపుగా 2025 ఫిబ్రవరిలో రోములో కాలీ నిధి ఆరంభమైనది. డిజిటల్ జన్యు సమాచారమును వాడి లాభము పొందు సంస్థలు ఈ నిధికి కొంత మొత్తము ఇవ్వవలెనని అందులో సూచించినారు.

ఇవి కూడా చూడండి

ఇక్రిశాట్
సి-డాక్
సూపర్ కంప్యూటరు
జీనోము
శనగలు
ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము
నంద్యాల
మహానంది